తిరుత్తణి కొండసీమలో నాలుగు రోజులు

సంక్రాంతికి ముందు మా మామ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "పాపా, ఒక పాత కాగితం ఉండాది. చదివి పెట్టి పోవాల. నువ్వొస్తేనే అయ్యే పని" అన్నాడు. ఎనభై దాటిన మనిషి. కళ్ళకు పొర వచ్చి ఏడాదయింది. చదివించుకోవడానికి ఇంట్లో కొడుకులున్నారు, మనవలున్నారు, అందరూ చదువుకున్నవాళ్ళే. ఒక్క కాగితం చదవడానికి పుణె నుంచి నేనెందుకు అని అడగబోయి ఆగిపోయాను. ఆ కాగితం తెలుగులో ఉంది. ఆ ఇంట్లో ఇప్పుడు తెలుగు అందరికీ మాట్లాడడం వచ్చు, చదవడం మాత్రం ఎవరికీ రాదు.

మా అమ్మ పుట్టిల్లు తమిళనాడులో, తిరువళ్ళూరు జిల్లాలో, పళ్ళిపట్టు దగ్గర ఒక చిన్న పల్లె. చాలామంది మిత్రులు "తిరుత్తణి అంటే అరవదేశం కదా, మీకక్కడ చుట్టాలేమిటి?" అని ఆశ్చర్యపోతుంటారు. ఈ ప్రశ్నకు నిలబడి ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. అందుకే ఈసారి పదిహేనేళ్ళ మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళి వచ్చాక, నాలుగు రోజుల్లో చూసినవీ విన్నవీ మన పత్రిక పాఠకులతో పంచుకుందామనిపించింది.

రైలు పట్టాల మీద సరిహద్దు

పుణె మీదుగా చెన్నై వెళ్ళే రైలెక్కి రేణిగుంటలో దిగాం. అక్కణ్ణుంచి అరక్కోణం వైపు వెళ్ళే పాసింజరు బండి పట్టుకున్నాం. ఎక్స్‌ప్రెస్‌లో వెళితే ఈ దారి అందం కనిపించదు. పుత్తూరు, నగరి, ఏకాంబరకుప్పం... ఒక్కో స్టేషన్లో ఆగుతూ బండి తాపీగా సాగుతుంది. కుడిచేతి వైపూ ఎడమచేతి వైపూ కొండలు దగ్గరకొస్తూ, దూరమవుతూ ఉంటాయి.

ఏకాంబరకుప్పం దాటాక ఒక చిన్న స్టేషన్ వచ్చింది. బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు నిండిపోయి ఉంది. వెంకటనరసింహరాజువారిపేట! మన దేశంలో రైల్వే స్టేషన్ల పేర్లలో చాలా పొడుగైనదిగా దీనికి పేరు. మా అమ్మాయి ఇంగ్లీషు అక్షరాలు లెక్కపెట్టి, "అమ్మా, ఇరవై ఎనిమిది!" అంది. "పైన తెలుగులో కూడా ఉంది కదా, అది చదువు" అన్నాను. నవ్వేసి కిటికీ వైపు తిరిగింది. దానికీ మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. ఆ తప్పు నాదే. ఉద్యోగం, సంసారం, వచ్చే సెలవుల్లో నేర్పిద్దాంలే అనుకుంటూ పదేళ్ళు గడిచిపోయాయి.

తర్వాతి స్టేషన్ పొన్‌పాడి. అక్కడ బోర్డు మీద తెలుగు లేదు, తమిళం ఉంది. ఈ రెండు స్టేషన్ల మధ్య ఎక్కడో రాష్ట్రం మారిపోయింది. బయటికి చూస్తే మాత్రం మార్పేమీ కనిపించదు. అదే ఎర్రమట్టి, అవే మామిడితోపులు, అదే చెరకు. మా పెట్టెలో మా ఎదురుగా కూర్చున్న పూలబుట్టల ఆవిడ అటు పక్కనున్న మనిషితో తెలుగులోనూ, ఇటు పక్కనున్న మనిషితో తమిళంలోనూ ఒకే బేరం గురించి మాట్లాడుతోంది.

పొన్‌పాడి తర్వాత తిరుత్తణి. చెన్నైకి ఇది ఎనభై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

కొండల వయసు

తిరుత్తణి నుంచి పళ్ళిపట్టుకు బస్సులో వెళ్తుంటే మా అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. పుణెలో పెరిగిన పిల్ల కదా, సహ్యాద్రి కొండలు అగ్నిపర్వతాల లావా గడ్డకట్టి ఏర్పడ్డాయని బళ్ళో చదువుకుంది. "ఇవి కూడా అగ్నిపర్వతాలేనా?" అని అడిగింది.

కావు. సహ్యాద్రి లావా వయసు సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాలు. తిరుత్తణి పక్కన నేలకు అడుగున ఉన్న రాయి వయసు ముందు అది పసిబిడ్డ. ఇక్కడి గ్రానైటు జాతి రాళ్ళు రెండు వందల యాభై కోట్ల ఏళ్ళనాటివి. వాటి మీద నగరి వైపు కనిపించే నిట్టనిలువు కొండలు క్వార్ట్‌జైట్ రాతివి. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన కాలంలో, నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి ఆ రాయి అయింది. అయితే మా అమ్మాయి అడిగినదాంట్లో కొంత నిజం లేకపోలేదు. ఈ సరిహద్దు కొండల్లో అక్కడక్కడ పాత రాతిని చీల్చుకుని నల్లరాయి గోడలాగా పొడుగ్గా సాగిపోతుంది. భూమి లోపలి నుంచి కరిగిన రాయి పగుళ్ళలోకి ఎగదన్ని, పైకి రాకుండానే చల్లారి అలా గడ్డకట్టింది. చిత్తూరు ప్రాంతం నుంచి నల్ల గ్రానైటు అన్న పేరుతో ఇళ్ళ గచ్చులకూ వంటగది బల్లలకూ వెళ్ళేది ఈ జాతి రాయే.

తూర్పు కనుమల దక్షిణపు కొసల్లో ఇదొకటి. సముద్రం వైపు నుంచి వచ్చే మైదానం ఇక్కడ కొండలకు తగిలి ఆగుతుంది. అన్నిటికన్నా పొడవుగా కనిపించేది నగరి ముక్కు. సుమారు 2,800 అడుగుల ఎత్తున నిజంగానే పడుకున్న మనిషి ముక్కులా ఉంటుంది. వెనకటికి మద్రాసుకు వచ్చే ఓడల వాళ్ళు సముద్రంలోంచి ఈ ముక్కును చూసి దారి గుర్తుపట్టేవాళ్ళు.

ఈ కొండల రాయి మనిషి చేతికి ఎప్పుడు చిక్కిందో తెలుసుకోవాలంటే కాస్త తూర్పుకు, పూండి చెరువు వైపు వెళ్ళాలి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1863 మేలో మద్రాసు దగ్గర పల్లావరంలో ఆదిమానవుడి రాతి పనిముట్టును గుర్తించాడు. అదే ఏడాది సెప్టెంబరులో విలియం కింగ్‌తో కలిసి కుశస్థలి నది ప్రాంతంలోని అత్తిరంపాక్కంలో మరెన్నో కనుక్కున్నాడు. అన్నీ క్వార్ట్‌జైట్ రాతి గొడ్డళ్ళు. వాటిలో పాతవి సుమారు పదిహేను లక్షల ఏళ్ళనాటివని 2011లో శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ పనిముట్లు చేసినవాళ్ళు ఏ భాష మాట్లాడారో, అసలు మాట్లాడారో లేదో మనకు తెలియదు. ఈ నేల మీద మా పేచీలన్నీ నిన్నటివేనని మాత్రం అర్థమవుతుంది. పూండిలో చిన్న పురావస్తు ప్రదర్శనశాల ఉంది. పిల్లలకు తప్పక చూపించండి.

కుశస్థలి నదిని తమిళులు కొసస్తలై ఆరు అంటారు. వానాకాలంలో అటు చిత్తూరు కొండల్లో అమ్మపల్లి ఆనకట్ట గేట్లు ఎత్తితే ఇటు పళ్ళిపట్టు దగ్గర కాజ్‌వేలు మునుగుతాయి. ఆ నీళ్ళే పూండికి చేరి చెన్నై కుళాయిల్లోకి వెళతాయి. 1996 నుంచి తెలుగుగంగ కాలువ ద్వారా కృష్ణా నీళ్ళు కూడా కండలేరు నుంచి సుమారు నూట యాభై కిలోమీటర్లు ప్రయాణం చేసి ఊత్తుకోట దగ్గర తమిళనాడులోకి ప్రవేశించి, ఇదే పూండికి వస్తున్నాయి.

ఇల్లు కదలలేదు, జిల్లా మారింది

మా మామ ఇంటి అరుగు మీద కూర్చుంటే కబుర్లకు లోటుండదు. "మా నాయన పుట్టినప్పుడు ఇది ఉత్తర ఆర్కాటు జిల్లా. ఆయనకు జ్ఞానం వచ్చేసరికి చిత్తూరు జిల్లా. నా పెండ్లి అయ్యేసరికి చెంగల్పట్టు. నా మనవడు పుట్టేసరికి తిరువళ్ళూరు. ఇల్లు మాత్రం ఈ రాతిస్తంభం పక్కనించి ఒక్క అడుగు జరగలా!" అంటాడు.

మామ లెక్క అక్షరాలా నిజం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులో చేరింది. అంతకు ముందు నుంచీ ఇదంతా కార్వేటినగరం జమీందారీ ఏలుబడి. సారంగపాణి తెలుగు పదాలు పుట్టిన ఆస్థానం అదే. పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణ తర్వాత 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం వచ్చినప్పుడు చిత్తూరు జిల్లాతోపాటు తిరుత్తణి కూడా ఆంధ్రలోకి వెళ్ళింది. మన పెద్దలు "మద్రాసు మనదే" అంటుంటే, అవతల మ.పొ. శివజ్ఞానం వంటి తమిళ నాయకులు వేంకటాచలం దాకా తమదేనన్నారు. తమిళ ప్రాచీన గ్రంథాల్లో తమిళదేశపు ఉత్తరపుటెల్ల వేంకటమే కాబట్టి వారి వాదమూ గాలిలోంచి పుట్టింది కాదు. తిరుత్తణిలో వినాయగం, మంగలంకిళార్ వంటివారు తమిళుల పక్షాన ఉద్యమం నడిపారు. చివరికి పటాస్కర్ మధ్యవర్తిత్వం మీద 1959లో పార్లమెంటు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. దానికి బదులుగా సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వచ్చింది. అక్కడ తమిళం మాట్లాడే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. మా మామకు జరిగిందే అద్దంలో బొమ్మలాగా సత్యవేడులో ఏ తమిళ పెద్దాయనకో జరిగే ఉంటుంది.

ఇందులో ఒక విశేషం ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఇంటిపేరు నెల్లూరు జిల్లా సర్వేపల్లి గ్రామానిది. చిన్ననాటి చదువు తిరుత్తణిలో, ఆ తర్వాత తిరుపతిలో, వేలూరులో, మద్రాసులో. 1960లో ఆయన జన్మస్థలం ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మారిన రోజున ఆయన భారత ఉపరాష్ట్రపతి పదవిలో ఉన్నారు! రెండేళ్ళ తర్వాత రాష్ట్రపతి అయ్యారు. 1962 నుంచీ ఆయన పుట్టినరోజు దేశమంతటికీ ఉపాధ్యాయ దినోత్సవం. మేము "మావాడు" అంటాం, తమిళులు "మావాడు" అంటారు. ఇద్దరూ అన్నది నిజమే.

మగ్గం, చెరకు, కంపెనీ బస్సు

రెండోరోజు పొద్దున పొదటూరుపేట వైపు వెళ్ళాం. ఊళ్ళోకి అడుగుపెట్టకముందే టకటకమని చప్పుడు వినిపిస్తుంది. పొదటూరుపేట, అమ్మయారుకుప్పం, అత్తిమాంజేరిపేట, రామకృష్ణరాజుపేట అన్నీ నేతపని మీద బతికే ఊళ్ళు. సరిహద్దు అవతల నగరి, పుత్తూరు, నారాయణవనం కూడా అంతే. నేసేవాళ్ళలో తమిళ మొదలియార్లూ ఉన్నారు, మన తెలుగు నేతవాళ్ళూ ఉన్నారు. ఒకప్పుడు ఇంటింటా గుంటమగ్గం. ఇప్పుడు చాలావాటి స్థానంలో పవర్‌లూములు వచ్చాయి. పక్క వీధిలో మాట్లాడుకునేది వినిపించాలంటే కరెంటు పోవాలి అని అక్కడివాళ్ళు నవ్వుతూ చెప్పారు.

ఒక ఇంట్లోకి వెళ్ళి చూశాం. నూలు మేస్త్రీ ఇస్తాడు. పడుగు సిద్ధం చేసి మగ్గానికెక్కించడం, కండెలు చుట్టడం ఇంటి ఆడవాళ్ళ పని. లుంగీలు, చీరలు నేసి తిరిగి ఇస్తే గుడ్డకింత అని కూలి. నూలు ధర పెరిగితే మేస్త్రీ పని తగ్గిస్తాడు, పండగ వస్తే పెంచుతాడు. నేసేవాళ్ళకు తమ గుడ్డ ఎక్కడ అమ్ముడుపోతుందో తెలియదు. తమిళనాడు ప్రభుత్వం పవర్‌లూములకు రెండు నెలలకొకసారి ఇచ్చే ఉచిత కరెంటును 2023లో 750 యూనిట్ల నుంచి 1000 యూనిట్లకు పెంచింది. అది పెద్ద ఆసరా. అయినా ఆ ఇంటి కొడుకు మగ్గం దగ్గర లేడు. తెల్లవారుజామున కంపెనీ బస్సెక్కి శ్రీపెరుంబుదూరు వైపు ఫ్యాక్టరీకి వెళ్ళాడు. "వానికి నెల జీతం పడతాది. మాకు గుడ్డ పడతాది" అంది వాళ్ళమ్మ, రెండు చేతులతో తెగిన పోగు ముడివేస్తూ.

ఇక చేలల్లో వరి, చెరకు, చెనక్కాయ, మామిడి, మల్లెతోటలు. చెరకు చాలావరకు తిరువాలంగాడులోని తిరుత్తణి సహకార చక్కెర కర్మాగారానికి వెళుతుంది. తిరువాలంగాడు మామూలు ఊరు కాదు. నటరాజస్వామి అయిదు సభల్లో ఒకటైన రత్నసభ అక్కడే. రాజేంద్రచోళుడి కాలపు పెద్ద రాగిశాసనం దొరికింది కూడా అక్కడే. వానలు కార్తీక మార్గశిరాల్లో ఈశాన్యం నుంచి వస్తాయి. చెరువు నిండితే ఏడాది గడిచినట్టే. నిండకపోతే బావులే దిక్కు. ఈ సీమలో కయ్య విలువ బావిని బట్టి ఉంటుంది. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

మధ్యాహ్నం మా అత్త రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి, మునగాకు పప్పు పెట్టింది. అందులో ఏది ఆంధ్ర వంట, ఏది తమిళ వంట అని మా అమ్మాయి అడిగితే, "ఆకలి వంట, తిను" అంది.

కొండ మీద స్వామి

మూడోరోజు తిరుత్తణి కొండ ఎక్కాం. మురుగన్ ఆరు పుణ్యక్షేత్రాల్లో ఇదొకటి. శూరపద్ముడితో యుద్ధం ముగిశాక స్వామి కోపం చల్లారిన చోటు కనుక "తణిగై" అన్నారంటారు. మనవాళ్ళు సుబ్రహ్మణ్యస్వామి అంటారు. వల్లీదేవిని పెళ్ళాడింది ఇక్కడే. మెట్లు 365, ఏడాదిలో రోజుకొకటి చొప్పున. డిసెంబరు 31 రాత్రి భక్తులు మెట్టు మెట్టుకూ పూజచేసి, పాటలు పాడుకుంటూ ఎక్కి, కొత్త సంవత్సరం తొలిఘడియకు స్వామిని దర్శిస్తారు. బ్రిటిష్ కాలంలో జనవరి ఒకటిన దొరల దర్శనానికి పరిగెత్తే జనాన్ని చూసి, ముందు దేవుణ్ణి చూడండని వళ్ళిమలై సచ్చిదానందస్వామి ఈ పద్ధతి మొదలుపెట్టారని చెబుతారు.

ఆడి కృత్తికకు వచ్చే కావడి మొక్కులవాళ్ళలో చిత్తూరు, తిరుపతి వైపు నుంచి వచ్చే తెలుగువాళ్ళూ చాలామంది. "అరోహరా" అనే కేకకు భాషాభేదం లేదు. సంగీతం తెలిసిన పాఠకులకు మరో మాట. ముత్తుస్వామి దీక్షితులవారి నోట్లో ఒక వృద్ధుడు కలకండ పలుకు వేసి మాయమయ్యాడనీ, అప్పుడే ఆయన మొదటి కీర్తన "శ్రీనాథాది గురుగుహో" వెలువడిందనీ చెప్పే కథ ఈ కొండ మీదిదే.

సాయంత్రం మామ భారతం కథలు ఎత్తుకున్నాడు. ఈ ప్రాంతంలో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర వేసవిలో పద్ధెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు కథ చెబుతారు, రాత్రి తెల్లవారేదాకా వీధినాటకం. అర్జునుడు తపస్సుకు నిలువెత్తు మాను ఎక్కుతాడు. చివరిరోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ. "ఒక ఊర్లో అరవంలో ఆడతారు, ఇంకో ఊర్లో తెలుగులో ఆడతారు. దుర్యోధనుడు రెండు భాషల్లోనూ చస్తాడు" అన్నాడు మామ. అందరం నవ్వాం.

రెండు కాగితాలు

నాలుగో రోజు పొద్దున పెట్టె తెరిచారు. మా తాత కొన్న రెండు కయ్యలు పక్కపక్కనే ఉంటాయి. వాటిని ఇప్పుడు మామ కొడుకులిద్దరూ పంచుకోవాలి. పొరుగు కయ్యవాళ్ళకూ వీళ్ళకూ బావి నీళ్ళ దగ్గర ఒక మాట పడింది. బావిలో మన వంతు ఎంత అన్నది పాత దస్తావేజులో ఉంది. పట్నంలో చదివిపెట్టే లేఖరులు దొరక్కపోరు. "ఇంటి కాగితం బయటి చేతికి ఎందుకు ఇయ్యాల?" అని మామ పట్టు.

మొదటిది 1956 నాటిది. పసుపుబారిన స్టాంపు కాగితం. గొలుసుకట్టు రాత. "చిత్తూరు జిల్లా, తిరుత్తణి తాలూకా" అని మొదలైంది. రెండోది 1963 నాటిది. "చెంగల్పట్టు జిల్లా" అంటూ తమిళంలో ఉంది. నేను తెలుగు కాగితం పట్టుకున్నాను, బావ తమిళ కాగితం పట్టుకున్నాడు. మామ కళ్ళు మూసుకుని గోడకు చేరగిలబడ్డాడు.

చెక్కుబంది దగ్గరకొచ్చాం. ఆస్తికి నాలుగు దిక్కులా హద్దులు చెప్పే భాగమది. నేను చదివాను: తూర్పున వంక, దక్షిణాన చింతమాను, పడమట మా తాత అన్నదమ్ముల కయ్య, ఉత్తరాన రాతికట్టు బావి, ఆ బావిలో మూడోవంతు నీటి హక్కు సహా. బావ తన కాగితంలో చదివాడు. అందులో ఆ బావి దక్షిణాన ఉంది. అందులోనూ మూడోవంతే. రెండు కయ్యలకూ కలిపి మూడింట రెండు వంతులు.

"అదే!" అన్నాడు మామ కళ్ళు తెరవకుండా. "మా నాయన నోటి లెక్కగా చెప్పిందే ఇది. కాగితంలో ఉండాదా లేదా అని నాకు గుబులుగా ఉండె."

ఒకే బావి. ఒక కాగితంలో తెలుగులో ఉత్తరాన, మరో కాగితంలో తమిళంలో దక్షిణాన. రాష్ట్రాలు మారాయి, బావి మారలేదు. కానీ రెండు కాగితాలూ చదివితే తప్ప ఆ హక్కు పూర్తి కాదు.

బావ కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. నేను చదివిందంతా ఫోనులో రికార్డు చేశాడు. "చిన్నమ్మా, ఇంక భయం లేదు, ఎప్పుడు కావాలన్నా వినొచ్చు" అన్నాడు. మామ నవ్వి, "వినొచ్చురా. ఆ గొంతు తప్పు చదివింటే కనుక్కునేది ఎవురు?" అన్నాడు. కుర్రాడు మాట్లాడలేదు. తప్పు వాడిది కాదు. మామ చదువుకునేనాటికి ఆ పల్లెలో తెలుగు బడి ఉంది. మనవడి నాటికి లేదు. తమిళనాడులో 2006 చట్టం ప్రకారం పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. మైనారిటీ భాషల విద్యార్థులు కోర్టుకు వెళ్ళి కొన్నేళ్ళపాటు మినహాయింపులు తెచ్చుకున్నారు. కానీ రాష్ట్రంలో ఉద్యోగం చేసుకోవాల్సిన పిల్లవాడు తమిళం నేర్చుకోవడం న్యాయమే కదా అని తల్లిదండ్రులే తెలుగును వదులుకుంటూ వచ్చారు. నాకు పుణెలో ఏ చట్టమూ అడ్డు రాలేదు. అయినా మా అమ్మాయిదీ అదే పరిస్థితి. బావ కొడుకును ఏమనడానికీ నాకు నోరు రాలేదు.

ఆ మధ్యాహ్నం అరుగు మీద పలకలు లేవు కాబట్టి పాత క్యాలెండరు వెనక్కు తిప్పి అ ఆలు రాశాను. మా అమ్మాయీ, బావ కొడుకూ ఎదురెదురుగా కూర్చున్నారు. వాడు మధ్యమధ్య "ఇది మా అక్షరంలో ఇట్లుంటుంది" అని పక్కనే తమిళం రాసి దానికి చూపించాడు. మామకు కనిపించకపోయినా ఇద్దరూ గట్టిగా పలుకుతుంటే విని, తప్పు పోయినచోట మాత్రం గొంతు సవరించుకున్నాడు.

వెళ్ళదలచుకున్నవారికి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. చెన్నై సెంట్రల్ నుంచి తిరుత్తణికి లోకల్ రైళ్ళున్నాయి. దారిలో తిరువళ్ళూరులో దిగితే వైద్య వీరరాఘవస్వామి దర్శనం అవుతుంది. రోగాలు నయం కావాలని అక్కడి కోనేట్లో బెల్లం కరిగించే మొక్కు చాలా ప్రసిద్ధం. అమావాస్య నాడు రద్దీ ఎక్కువ. తిరుత్తణి కొండపైకి మెట్లు ఎక్కలేనివారికి రోడ్డు ఉంది. ఆడి కృత్తిక రోజుల్లో చిన్నపిల్లలతో వెళ్ళకపోవడం మంచిది. తిరుపతి యాత్రకు వెళ్ళే మన కుటుంబాలు ఒక్కరోజు అదనంగా పెట్టుకుంటే చాలు, తిరుత్తణి, తిరువాలంగాడు, పూండి చూసి రావచ్చు. పళ్ళిపట్టు వైపు వెళితే మాత్రం తెలుగులోనే పలకరించండి. "యాడినించి వస్తుండారు?" అన్న జవాబు ప్రశ్న తప్పక వస్తుంది.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ ఆ పాసింజరే ఎక్కాం. పొన్‌పాడిలో మా అమ్మాయి తమిళ బోర్డు మీద "పొ" ఒక్కటీ గుర్తుపట్టి సంబరపడింది. తర్వాతి స్టేషన్ కోసం ముందే కిటికీ దగ్గరికి జరిగి కూర్చుంది. బండి ఆగింది. బోర్డు సరిగ్గా మా ఎదురుగానే వచ్చింది. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంది. "వెం... క... ట... న... ర... సిం..."

బండి కదిలింది. "అయ్యో, ఇంకా రాజుగారు మిగిలిపోయారు!" అంది.

ఇంటికి రాగానే మిగతా అక్షరాలు రాసిమ్మని అడిగింది. బావ కొడుక్కి కూడా ఒక నకలు పంపాను. వచ్చే సంక్రాంతికి ఇద్దరిలో ముందుగా ఎవరు ఆ దస్తావేజు చదువుతారోనని మామ కాచుకుని ఉన్నాడు.